ముందు గుటక

మా అమ్మ లీటరు అనే మాటను పాలకూ కిరసనాయిలుకూ తప్ప నీళ్లకు ఎప్పుడూ వాడలేదు. నీళ్లకు ఆమె కొలతలు వేరు. నోరు తడుపుకోవడానికి గుటక. ఊపిరి తీసుకోకుండా తాగగలిగినంత గుక్క. చేనులో అయితే దోసిలి, ఇంటికొచ్చిన మనిషికైతే చెంబు. ఎండలో నడిచొచ్చిన వాళ్లకు కడుపు నిండా. ఈ చివరి కొలతకు హద్దు లేదు, తాగే మనిషి చాలని చేయి అడ్డం పెట్టేదాకా పోస్తూనే ఉండాలి. అలాంటి మనిషికి ఆదోనిలో డాక్టరు రోజు మొత్తానికి అర లీటరు అని చెప్పాడు. టీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే నీళ్లు, అన్నీ ఆ అర లీటరులోనే. అమ్మ అంతా విని నా వైపు తిరిగి, "అర లీటరంటే ఎంత పాపా?" అని అడిగింది.

బస్టాండులో ఒక చిన్న నీళ్ల సీసా కొని ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మొగం కడుక్కునేదానికి గూడా చాలదే అని నవ్వింది. పక్కన నిలబడి ఉగ్గాని తింటున్న ఒకాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సీసానే ఇంటికి తెచ్చి, రోజూ పొద్దున నింపి, పొయ్యి పక్కన గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాను. అందులోంచే టీకి, అందులోంచే మాత్రలకు.

నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నాన్న పోయి చాలా కాలమైంది. నాకు ఈ పని దొరికాక కోసిగి దగ్గరి మా పల్లె నుంచి అమ్మను తెచ్చుకున్నాను. రెండు గదుల అద్దె ఇంట్లో మేమిద్దరమే. అంతకు ముందంతా ఆమె ఏటా సుగ్గికి పోయిన మనిషి. వాన పడని మా వైపు పల్లెలు దీపావళి దాటితే ఇళ్లకు తాళాలు వేసి, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోతాయి. దాన్నే సుగ్గి అంటారు. సరిహద్దు దాటి కన్నడంలోకి పోతే ఆ మాటకు పంట చేతికొచ్చిన సంబరమని అర్థం. మా దగ్గరికి వచ్చేసరికి అది ఊరు ఖాళీ కావడమైంది.

నన్ను మా అవ్వ దగ్గర వదిలిపెట్టి పోయేది కాబట్టి ఆ చేలు నేను చూడలేదు. విన్నది మాత్రం ఒకటుంది. జట్టులో నీళ్లు పోసే మనిషి మా అమ్మ. మిగతావాళ్లు సాళ్లలో వంగి కాయ కోస్తుంటే, పని ఆపి తాగే నీళ్ల పొద్దుకు బిందె ఎత్తుకొచ్చేదీ, గట్టు మీద నిలబడి చెంబుతో అందరి దోసిళ్లలో పోసేదీ ఆమే. ఇంటికొచ్చాక ఆ జట్టు ఆడవాళ్లు మా అమ్మను పేరుతో కాక నీళ్ల వదిన అని పిలవడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటే.

కిడ్నీలు ఎందుకు పోయాయో డాక్టరు తేల్చి చెప్పలేదు. ఎండలో ఏళ్ల తరబడి పని, వాడిన నొప్పి మాత్రలు, నీళ్లు తక్కువ తాగడం, ఏదైనా కావచ్చన్నాడు. నీళ్లు తక్కువ తాగడమా అని నేను రెట్టించాను. అవును, చేలలో మరుగు దొరకదని ఆడవాళ్లు తాగడం మానేస్తారు కదా అన్నాడు. జట్టంతటికీ నీళ్లు పోసిన మనిషి తాను తాగలేదని నాకు అప్పుడే తెలిసింది. తిరుగు బస్సులో అడిగితే, "పోసేదాంట్లోనే దప్పి తీరిపోతాది" అంది. ఇలాంటి మాటలకు నాకు ఒళ్లు మండుతుంది. తీరదు మా, ఎవరికీ తీరదు అని అరిచాను.

వారానికి రెండుసార్లు పొద్దున బస్సుకు ఆదోని పోవాలి. రక్తం కడిగే మిషన్ ఎక్కించే ముందు తూకం చూస్తారు. తూకం పెరిగిందంటే తాగిందంతా ఒంట్లో నిలిచిపోయిందని అర్థం. పెరిగిందంతా మిషన్ లాగాలి. ఎక్కువ లాగితే అమ్మకు పిక్కలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, మొహం సుద్దలా తెల్లబడుతుంది. మొదటి రెండు నెలలు బాగానే జరిగింది. ఉగాది దాటాక ప్రతిసారీ తూకం ఎక్కువే రావడం మొదలైంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇట్లాగే నీళ్లతో వస్తుంటే ఏదో ఒక రోజు మిషన్ మీదే గుండె ఆగుతుంది, ఈమెను కాపాడాల్సింది మేం కాదు, ఇంట్లో నువ్వు అని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. నేను మాత్రం వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో ఉన్న పెద్ద చెంబును బీరువా మీద పెట్టాను. బిందెలో నీళ్లు ఎంతదాకా ఉన్నాయో గుర్తు పెట్టుకుని బడికి పోయేదాన్ని. సాయంత్రం చూస్తే నీళ్లు తగ్గి ఉండేవి, చెంబు కిందికి దిగి ఉండేది. అడిగితే గిన్నెలు తోమినానంటుంది. తోమిన గిన్నెలు చూపించు అంటే చూపిస్తుంది. నిజంగానే తళతళలాడుతుండేవి. ఇంత జబ్బులో గిన్నెలెందుకు తోముతున్నావని మళ్లీ అరిచేదాన్ని.

ఒకరోజు ఆదోని నుంచి తిరిగొస్తూ నిండు బస్సులో ఆమె మీద విరుచుకుపడ్డాను. "మళ్లీ తాగినావు. నాకు తెలుసు, నేను బడికి పోంగానే తాగుతాండావు." బస్సంతా మా వైపు తిరిగింది. మా ఊళ్లలో ఏమి తాగిందో చెప్పకుండా తాగింది అంటే ఒకటే అర్థం. ముందు సీటులో పెద్దాయన మా అమ్మను చూసి, ఈ వయసులో ఇదేం ఖర్మమ్మా అని తల పంకించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను. చూస్తే భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోంది. మగవాళ్ల తాగుడుకు మా దగ్గర ఎన్ని మెత్తని మాటలో. వేసుకున్నాడంటారు, పుచ్చుకున్నాడంటారు, కొంచెం అలవాటుందంటారు. మంచినీళ్లు తాగినందుకు బస్సులో పరువు పోగొట్టుకున్నది మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది.

నవ్వు ఆగాక ఆమె నా చేయి పట్టుకుని, తల మీద కాదు, నా చేతి మీదే ఒట్టు పెట్టింది. "నాకు దప్పయి తాగింది ఒక్క సుక్క లేదు పాపా." ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. మరి తూకం అబద్ధం ఆడుతుందా? ఆ మాట దారంతా నాకు తలనొప్పి తెప్పించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జబ్బు బయటపడ్డ రోజునే అమ్మ నా దగ్గర ఒక మాట తీసుకుంది. కిడ్నీలు పోయాయని ఎవరికి చెప్పినా పర్వాలేదు, ఆదోనిలో మిషన్ ఎక్కుతోందని చెప్పినా పర్వాలేదు. నీళ్లు తాగకూడదన్నారని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. ఎందుకని అడిగితే, నీళ్లు గూడా దిగడం లేదంటే ఇంక అయిపోయినట్లే గదా అంది. అవును, మా వైపు ఎవరైనా మంచాన పడితే చూసొచ్చిన వాళ్లను అడిగే చివరి ప్రశ్న అదే, నీళ్లన్నా దిగుతున్నాయా అని. లేదంటే ఇక దూరపు చుట్టాలకు ఫోన్లు చేస్తారు. వద్దనడం వేరు, దిగకపోవడం వేరు అని నేను వివరించబోయాను. మా పల్లెలో ఆ తేడా ఎవరు వింటారని ఆమె కొట్టిపారేసింది. సరేనన్నాను. ఎవరికీ చెప్పలేదు.

అందువల్ల తెలిసినవాళ్లంతా మంచి మనసుతో ఎదురు సలహాలిచ్చారు. కిడ్నీలకు నీళ్లు బాగా తాగల్ల అనేది మా వీధిలో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఒకామె బార్లీ నీళ్లు కాచి తెచ్చింది, ఇంకొకామె టెంకాయ నీళ్లు. నేను ఇంట్లో ఉన్నప్పుడైతే వాళ్ల ముందు తీసుకుని, వెనక పారబోసేదాన్ని. తాగే నీళ్లు రోజు మార్చి రోజు వచ్చే ఊళ్లో తూములో అలా పోయడం నాకే చూడబుద్ధయ్యేది కాదు.

ఉగాదికి సుగ్గి నుంచి జట్టు తిరిగొచ్చింది. ఆ నెలలో అన్ని బడులకూ ఒంటిపూట, మా బడిలో పదో తరగతి చెప్పేవాళ్లకు మాత్రం సాయంత్రం దాకా పని. పరీక్షలకు ముందు పిల్లల చేత పర్యాయపదాలు వల్లె వేయించేదాన్ని. నీరు, జలము, ఉదకము, సలిలము, తోయము. వాళ్లు పాట పాడినట్టు చెప్పేవాళ్లు. దాహమునకు తృష్ణ, పిపాస. నల్లబల్ల మీద పిపాస అని రాస్తుంటే సుద్ద చేతిలో ఆగిపోయింది. మా అమ్మ నోరు ఆ పూట ఎట్లా ఉందో, పెదాలు తడుపుకోవడానికి కూడా సీసా మూతతో కొలిచి పోసుకుంటుందో లేదో అని. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

పరీక్షలు అయిపోయిన రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. గడప ముందు చెప్పులు ఉన్నాయి, ఎండకు పగిలిన ఆడవాళ్ల చెప్పులు. తలుపు చేరవేసి ఉంది. లోపల చాప మీద అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా జట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు. జట్టులో పెద్దామె, అందరూ పెద్దక్క అని పిలిచే ముసలామె, అమ్మ మోకాలు పక్కనే ఉంది. అమ్మ చేతిలో నేను దాచిన పెద్ద చెంబు.

నేను చూస్తుండగానే ఆమె చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా నోట్లో పోసుకుంది. ఒక్క గుటక. గొంతులో అది దిగడం గడప దగ్గరి నుంచే కనిపించింది. తర్వాత చెంబు పట్టుకుని ఊరికే కూర్చుంది. ఆడవాళ్లందరూ మాటలు ఆపి ఆమె మొహమే చూస్తున్నారు. కాసేపటికి ఆమె తల ఊపి చెంబు పెద్దక్కకు అందించింది. అప్పుడు తాగారు వాళ్లు. పొయ్యి మీద టీ ఉడుకుతోంది. టీ వంచి మొదటి గ్లాసులో అమ్మే ఒక గుటక తాగి పెట్టింది. మళ్లీ అదే ఆగడం, మళ్లీ తల ఊపడం. ఇంతలో వెనక నుంచి ఇంకో ఇద్దరు నన్ను దాటుకుని లోపలికి వచ్చి, నీళ్ల వదినా ఎట్లుండావు అంటూ కూర్చున్నారు. వాళ్ల కోసం చెంబు మళ్లీ నిండింది, అమ్మ మళ్లీ ఎత్తింది.

నెల రోజులుగా సంతకని, ఆసుపత్రికని, ఊరికే చూసిపోదామని ఎమ్మిగనూరు వచ్చిన ప్రతి ఒక్కరూ మా ఇంటికి వచ్చారు. ప్రతిసారీ నీళ్లకొక గుటక, టీకొక గుటక, పోయేముందు మజ్జిగకొకటి. తూకంలో పెరిగిందంతా అదే. దప్పయి తాగింది ఒక్క చుక్క లేదు, నిజమే.

నేను పోయి చెంబు లాక్కున్నాను. అమ్మకిచ్చిన మాట నాకు గుర్తుంది, గుర్తుండే తప్పాను. డాక్టరు చెప్పిందంతా వాళ్ల ముందు చెప్పేశాను. రోజుకు ఆ సీసాడే అని గట్టు మీది సీసా చూపించాను. "మీరు తాగమంటాండే ఆ గుటకే ఆమెను సంపుతాంది" అన్నాను.

ఒకామె చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది. అమ్మ నా వైపు చూసిన చూపు నేను ఎప్పుడూ చూడనిది. జబ్బు తెలిసిన రోజు కూడా ఆమె మొహం అంతగా వాడిపోలేదు. పెద్దక్క మాత్రం నన్ను చేయి పట్టి చాప మీద కూర్చోబెట్టింది. మేము తాగమనలేదు తల్లీ, ఆమె తాగకుండా ఎవరికీ ఇయ్యదు అంది. తర్వాత చెప్పింది, నేను అవ్వ దగ్గర ఆడుకుంటున్న ఏడాది జరిగిన సంగతి.

ఆ ఏడు మిరప చేనులో రైతు మనిషి నీళ్లు డ్రమ్ములో నింపి తెచ్చాడు. పురుగుమందు కలిపిన డ్రమ్ము అది, సరిగా కడగలేదు. అమ్మ ఎప్పటిలాగే బిందెలోకి వంచి, చెంబుతో పోసింది. మొదట దోసిలి పట్టింది జట్టులో చిన్నపిల్ల, కొత్తగా పెళ్లయి మొదటిసారి సుగ్గికొచ్చిన పిల్ల. బాగా దప్పిగా ఉందని కడుపు నిండా పోయించుకుంది. మిగతావాళ్లు తాగేలోపే ఆ పిల్ల కింద పడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పోయింది. తప్పు నీది కాదని అందరూ చెప్పారు, పోలీసులూ చెప్పారు, ఆ పిల్ల తల్లి కూడా చెప్పింది. అమ్మ మళ్లీ పనికి దిగిన రోజు నీళ్ల పొద్దుకు బిందె దించి, అందరూ చూస్తుండగా ముందు తానొక గుటక తాగి, చెంబు పట్టుకుని ఎండలో చాలాసేపు నిలబడింది. ఏదన్నా అయితే ముందు తనకే కావాలని. ఆ రోజు నుంచి ఆమె ముందు గుటక పడందే జట్టులో ఎవరూ దోసిలి పట్టలేదు.

"మాకు బయం ఎప్పుడో పోయింది" అంది పెద్దక్క. "ఆమెకు పోలేదు."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. పోతూ పోతూ పెద్దక్క గడప దగ్గర ఆగి, ఇంక ఈ ఇంట్లో మేమెవరం ఏదీ తాగం, నువ్వు బాదపడొద్దు అని నాకు మాటిచ్చింది. నాకు గొప్ప ఊరట కలిగింది.

మాట నిలబెట్టుకున్నారు వాళ్లు. వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, బస్టాండులోనే తాగి వచ్చామనేవాళ్లు. కొందరు సంచుల్లో సీసాలు తెచ్చుకుని, అమ్మకు కనబడకుండా వీధిలోకి పోయి తాగి వచ్చేవాళ్లు. ఆమె అన్నీ చూసేది. మా దగ్గర ఒక ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టకుండా లేచారంటే దానికి రెండే అర్థాలు, పగ అయినా ఉండాలి, చావు అయినా జరిగి ఉండాలి. ఎండాకాలం ముదిరేకొద్దీ ఇంటికొచ్చేవాళ్లు తగ్గారు. ఆ ఎండలో నీళ్లు తాగలేని ఇంటికి ఎవరు మాత్రం ఎన్నిసార్లు వస్తారు.

ఆదోనిలో తూకం దిగింది. మిషన్ దగ్గరుండే అబ్బాయి సంతోషపడి, పెద్దమ్మా ఇట్లుండాలి అని మెచ్చుకున్నాడు. డాక్టరు నన్ను కూడా మెచ్చుకున్నాడు. అమ్మ ఆ అబ్బాయికి ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్వించేది, ఇప్పుడు చేయి చాచి సూదులు గుచ్చించుకుని కళ్లు మూసుకునేది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేది. నేను తప్పు చేశానని నాకు అనిపించలేదు. అప్పుడే కాదు, ఇప్పుడూ అనిపించదు. అలాగని నిద్ర కూడా పట్టేది కాదు.

వానలు మొదలయ్యాక ఇంకొకటి గమనించాను. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి సీసాలో నీళ్లు మిగులుతున్నాయి. మొదట కొంచెం, తర్వాత సగం. ఇది తాగొచ్చు మా, ఇది నీ వంతే అంటే, వద్దులే అనేది. మాత్రలను కూడా ఉమ్మితోనే మింగేది. ఆ నెలంతా ఆమె నీళ్లు తాగుతోందని పోట్లాడాను, ఇప్పుడు తాగమని బతిమాలాల్సి వచ్చింది. ఎందుకు తాగవని ఒకరోజు గట్టిగా నిలదీశాను. అప్పుడు అంది, "నా సేతి నీళ్లు ఎవురూ ముట్టకపాయె. నా సేతిలో ఇంకా ఇసముందా పాపా?"

అలాంటిదేం లేదన్నాను, వాళ్లు నీ మీద ప్రేమతోనే తాగడం లేదన్నాను. అవన్నీ ఆమెకు తెలిసిన మాటలే. విని, అవతలికి తిరిగింది.

దీపావళి దాటాక పెద్దక్క ఫోన్ చేసింది. జట్టు సుగ్గికి పోతోంది, టెంపో మీ ఊరి మీదుగానే పోతుంది, మెయిన్ రోడ్డు మీద ఆపుతాం, ఒకసారి వదిన మొహం చూసి పోతాం అంది. అమ్మకు చెప్పాను. ఆమె లేచి కూర్చుని, తెల్ల చీర వద్దు, ఎర్రంచుది తీయమంది. తర్వాత బిందె తోమమంది. తోమాను. నేనే తోమానా, ఇంకేదన్నా అందులో పోశామా, నీళ్లు కుళాయివేనా అని మళ్లీ మళ్లీ అడిగింది. బిందె, చెంబు నేను పట్టుకుంటే, సూదులు గుచ్చని చేతితో నా భుజం పట్టుకుని రోడ్డు దాకా నడిచింది. కొద్దిపాటి దూరానికే రెండుసార్లు ఆగింది.

టెంపో నిండా మూటలు, సంచులు, మడిచిన టార్పాలిన్లు. ఆడవాళ్లు దిగి ఆమె చుట్టూ నిలబడ్డారు. బిందె చూడగానే వాళ్ల మొహాలు మారిపోయాయి. పెద్దక్క ముందుకొచ్చి, ఇప్పుడే తాగినాం వదినా, ఎవరికీ దప్పి లేదు అంది. అమ్మ వినలేదు. బిందెలో చెంబు ముంచి పైకి తీసింది. నేను ఆపబోయాను. ఆమె ఎత్తలేదు. నా వైపు తిరిగి చెంబు చాపింది.

"ముందు గుటక నువ్వు తాగు."

చెంబు పట్టుకున్నాను, ఆమె వదల్లేదు. ఏదన్నా అయితే ముందు తనకే కావాలని ఇన్నేళ్లు తాగిన గుటక అది. ఇప్పుడు దాన్ని తన ఒక్కగానొక్క కూతురి నోట్లో పోయాలి. తాను తోమించిన బిందె, మళ్లీ మళ్లీ అడిగి తేల్చుకున్న కుళాయి నీళ్లు, అయినా ఆమె వేళ్లు చెంబును వదలడం లేదు. ఇద్దరం పట్టుకునే ఉన్నాం. చివరికి ఆమే చెంబును నా నోటి మీదికి వంచింది.

ఎత్తి తాగడం నాకు అలవాటు లేదు, సీసాలు కరిచి తాగే మనిషిని. నోరు నిండింది, గొంతు మాత్రం తెరుచుకోలేదు. ఏడుపూ నీళ్లూ ఒకచోటే అడ్డం పడ్డాయి. జట్టంతా నా గొంతు వైపే చూస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు, ఒక్కరూ కదల్లేదు. బలవంతంగా మింగాను.

"దిగిందా?" అని అడిగింది అమ్మ.

తల ఊపాను. ఆమె నా మొహం చూస్తూ నిలబడింది. కళ్లు, పెదాలు, నుదుటి మీద చెమట, అన్నీ చూసింది. చేనులో ఎంతసేపు నిలబడేదో నాకు తెలియదు, దానికన్నా ఎక్కువే నిలబడి ఉంటుంది. డ్రైవరు రెండోసారి హారన్ కొట్టాక, "ఇంక వాళ్లకు పొయ్ పాపా" అంది.

పెద్దక్క వంగి దోసిలి పట్టింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. దప్పి లేదన్న వాళ్లందరూ చాలని చేయి అడ్డం పెట్టకుండా తాగారు. బిందె అడుగు కనబడింది. తడి చేతులు కొంగులకు తుడుచుకుంటూ, ఉగాదికి వస్తాం వదినా అని చెప్పి టెంపో ఎక్కారు. ఉగాది దాకా ఆమె ఉంటుందని ఎవరూ అనలేదు, ఉండదనీ అనలేదు.

ఇంటికొచ్చి అమ్మను గడప మీద కూర్చోబెట్టాను. ఆయాసం తగ్గేదాకా కొంగుతో విసిరాను. ఆమె కాసేపు వీధి చూసింది. తర్వాత మెల్లగా, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

"నాకు దప్పయితాంది పాపా."

నేను పుట్టిన తర్వాత ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. లోపలికి పోయి గట్టు మీది సీసా తెచ్చాను. పొద్దున నింపింది నింపినట్టే ఉంది. మూత తీసి, ముందు ఒక గుటక నేను తాగాను. ఆమె నా గొంతు చూస్తూ ఆగింది, తర్వాత చేయి చాపింది.